ఇంటి బీమా: సంతకానికి ముందు తెలుసుకోవలసిన విషయాలు

అల్లాహ్ మానవునికి ప్రసాదించిన గొప్ప అనుగ్రహాల్లో ఇల్లు ఒకటి. దివ్యఖుర్‌ఆన్ నహ్ల్ సూరాలో ఇంటిని మనిషికి ప్రశాంతత లభించే చోటుగా పేర్కొనడం మనకు తెలిసిందే. అనుగ్రహం లభించినప్పుడు దాన్ని కాపాడుకోవడం కూడా దాసుని బాధ్యతే. అయితే ఆ ప్రయత్నం ధర్మబద్ధంగా ఉండాలి, తెలివితోనూ కూడి ఉండాలి.

బందరులోగాని, గుడివాడలోగాని, అవనిగడ్డలోగాని ఇంటి అప్పు కోసం బ్యాంకుకు వెళ్లినవారి చేత అప్పు కాగితాలతోపాటు బీమా కాగితం మీద కూడా సంతకం పెట్టించడం మామూలే. "బ్యాంకు వారు పెట్టమన్నారు, పెట్టాం" అని చెప్పేవారే ఎక్కువ. ఆ కాగితం ఏ ఆపదకు పనికొస్తుంది? ఎంత ఇస్తుంది? ఎవరి చేతికి ఇస్తుంది? ధర్మం దృష్టిలో దాని స్థానం ఏమిటి? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు తెలియకుండా చేసే సంతకం చీకట్లో వేసే అడుగు లాంటిది.

వడ్డీతో కూడిన అప్పు విషయంలో ధర్మాదేశం స్పష్టంగానే ఉంది. దాన్ని ఈ వ్యాసంలో చర్చించబోవడం లేదు. ఇప్పటికే అలాంటి అప్పులో ఉన్నవారిని, అప్పు లేకపోయినా బ్యాంకు ద్వారా ఇంటికి బీమా తీసుకోవాలనుకునేవారిని దృష్టిలో పెట్టుకొని ఈ పాఠం రాస్తున్నాం.

మన నేల చెప్పే పాఠం

కృష్ణా డెల్టా దిగువన నివసించేవారికి ఆపద అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. 1864 నవంబరు 1న వచ్చిన తుఫాను, ఉప్పెన బందరు పట్టణాన్ని, చుట్టుపక్కల గ్రామాలను ముంచెత్తాయి. సుమారు 30 వేల మంది ప్రాణాలు కోల్పోయారు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన కబళించింది. పది వేల మందికి పైగా మరణించారు. నాగాయలంక మండలంలోని సొర్లగొంది వంటి తీరగ్రామాలు ఆ ఒక్క పూటలో తుడిచిపెట్టుకుపోయాయి.

ఆపద సముద్రం వైపు నుంచే వస్తుందనుకోవడం కూడా పొరపాటే. 2009 అక్టోబరులో కృష్ణానదికి వచ్చిన వరదకు ప్రకాశం బ్యారేజీ వద్ద సుమారు 11 లక్షల క్యూసెక్కుల నీరు కిందికి వచ్చింది. 2024 సెప్టెంబరులో అది 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. అదే సమయంలో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలతోపాటు గుడివాడ దగ్గరి నందివాడ మండల గ్రామాలను కూడా ముంచింది. 2025 అక్టోబరు 28న మొంథా తుఫాను మచిలీపట్నం, కళింగపట్నం మధ్య తీరం దాటింది.

ప్రభుత్వం సాయం చేయదా అని కొందరు అడుగుతారు. చేస్తుంది. 2024లో విజయవాడలో ముంపుకు గురైన కింది అంతస్తు ఇళ్లకు 25 వేల రూపాయలు, పై అంతస్తుల వారికి 10 వేల రూపాయలు ప్రకటించారు. ఇది వంటపాత్రలు, పరుపులు, బియ్యం సమకూర్చుకోవడానికి పనికివచ్చే సాయం. కూలిన గోడను, కుంగిన పునాదిని తిరిగి నిలబెట్టడానికి అది సరిపోదు. ఇల్లు పోయినా అప్పు మాత్రం పోదు. మరుసటి నెల వాయిదా తేదీకి బ్యాంకు కబురు వస్తూనే ఉంటుంది. అసలు ప్రమాదం ఇదే.

చేతిలో ఉన్న కాగితం ఏది?

బ్యాంకు కౌంటరు దగ్గర రెండు వేర్వేరు బీమాలను ఒకే పేరుతో పిలవడం వల్ల చాలామంది తికమకపడుతున్నారు. మొదటిది అప్పు తీసుకున్న మనిషి ప్రాణానికి చేసే బీమా. అతను మరణిస్తే మిగిలిన అప్పు తీరుతుంది. రెండవది ఇంటి కట్టడానికి చేసే బీమా. మొదటి కాగితం చేతిలో పెట్టుకొని "మా ఇంటికి బీమా ఉంది" అని నిశ్చింతగా ఉన్నవారికి ఉప్పెన వచ్చి ఇల్లు కూలితే అందులో పైసా రాదు. కనుక కాగితం తీసి మొదట చూడవలసింది, బీమా చేయబడింది మనిషికా, కట్టడానికా అన్నదే.

బ్యాంకు సొంతంగా బీమా చేయదని కూడా గుర్తుంచుకోవాలి. అది బీమా కంపెనీకి ఏజెంటు మాత్రమే. 2022లో సవరించిన నిబంధనల ప్రకారం ఒక బ్యాంకు తొమ్మిది వరకు సాధారణ బీమా కంపెనీల పాలసీలు అమ్మవచ్చు. ఇంటిని తాకట్టు పెట్టుకున్న బ్యాంకు దానికి బీమా ఉండాలని షరతు పెట్టవచ్చుగాని, ఫలానా కంపెనీ దగ్గరే కొనాలని బలవంతం చేయడానికి వీల్లేదు. బయట మరో కంపెనీ దగ్గర ఇంతకంటే మేలైన పాలసీ దొరికితే దాన్ని బ్యాంకుకు చూపించే హక్కు మనకుంది.

ఏ ఆపదకు రక్షణ?

2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ 'భారత్ గృహ రక్ష' అనే ఒకే తరహా ఇంటి పాలసీని అందించాలని బీమా నియంత్రణ సంస్థ ఆదేశించింది. అగ్నిప్రమాదం, పిడుగు, భూకంపం, తుఫాను, సునామీ, వరద, ముంపు, అల్లర్లు, నీళ్ల ట్యాంకులు పైపులు పగలడం వంటివి ఇందులోకి వస్తాయి. మన ప్రాంతం వారికి అవసరమైన తుఫాను, వరద రక్షణ మూల పాలసీలోనే ఉంటుంది. వేరే పేరుతో ఉన్న పాలసీ అయితే ఈ రెండు మాటలు అందులో ఉన్నాయో లేదో వెదికి చూసుకోవాలి.

రానివేమిటో తెలుసుకోవడం అంతకన్నా ముఖ్యం. నల్లరేగడి నేలలో కొత్తగా కట్టిన ఇల్లు కొద్దికొద్దిగా దిగి గోడలు బీటలు వారితే అది బీమా కిందికి రాదు. నదీతీరం, సముద్రతీరం నెమ్మదిగా కోతకు గురై ఇల్లు దెబ్బతిన్నా రాదు. ఏటిగట్టు పక్కన, తీరం వెంట ఇళ్లున్న దివిసీమవాసులు ఈ షరతును ప్రత్యేకంగా గమనించాలి. నాసిరకం నిర్మాణం, పాతబడి అరిగిపోవడం, చెమ్మ కూడా రావు. దొంగతనం కూడా మామూలుగా రాదు. తుఫాను, అగ్నిప్రమాదం వంటి ఆపద జరిగిన 7 రోజుల లోపు, ఆ ఆపద కారణంగా జరిగిన దొంగతనానికే ఇందులో రక్షణ ఉంది.

తాటాకు, గడ్డి, వెదురు, టార్పాలిన్ వంటి వాటితో వేసిన గోడలను, కప్పులను కచ్చా నిర్మాణంగా లెక్కిస్తారు. ఇంటికి ఆనుకొని అలాంటి వంటపాక ఉంటే, దాని సంగతి ప్రీమియం కట్టకముందే అడిగి రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

భవనానికి పాలసీ తీసుకుంటే, భవనం బీమా మొత్తంలో 20 శాతం మేరకు, 10 లక్షల రూపాయలకు మించకుండా, ఇంటి సామాన్లకు కూడా రక్షణ లభిస్తుంది. నగలకు మాత్రం విడిగా చెప్పి, విలువ నిర్ణయించి తీసుకోవాలి. చిలకలపూడిలో ఇంట్లోనే రోల్డ్‌గోల్డ్ పని చేసుకునేవారు, పెడనలో ఇంట్లోనే కలంకారీ అద్దకం చేసేవారు ఒక విషయం గ్రహించాలి. అమ్మకానికి ఉంచిన సరుకు ఇంటి సామాను కాదు. దానికి చిన్న వ్యాపారాల పాలసీ వేరుగా ఉంది.

ఎంతకు రక్షణ?

ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. ఇంటిని అమ్మితే వచ్చే ధరలో స్థలం విలువ కూడా ఉంటుంది. స్థలాన్ని వరద ఎత్తుకుపోదు కాబట్టి దానికి బీమా ఉండదు. అప్పు నిల్వ మరో లెక్క, అది ఏటేటా తగ్గిపోతుంది. బీమాకు కావలసిన లెక్క ఒక్కటే. ఈ రోజు అదే కట్టడాన్ని మళ్లీ కట్టడానికి ఎంత ఖర్చవుతుంది? ఇంటి విస్తీర్ణాన్ని చదరపు అడుగు నిర్మాణ ఖర్చుతో గుణిస్తే ఆ మొత్తం వస్తుంది. ప్రహరీ, మరుగుదొడ్డి, బోరు గది వంటివి విడిగా ఉంటే వాటినీ కలపాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 900 చదరపు అడుగుల ఇల్లు, చదరపు అడుగుకు నిర్మాణ ఖర్చు 1,800 రూపాయలు అనుకుందాం. మళ్లీ కట్టడానికి 16 లక్షల 20 వేలు కావాలి. అప్పు నిల్వ 9 లక్షలు ఉంది. బీమా కూడా ఆ 9 లక్షలకే చేశారు. ఇల్లు పూర్తిగా కూలిపోయిందనుకోండి. వచ్చిన 9 లక్షలు అప్పుకు జమ అవుతాయి. అప్పు తీరింది, మంచిదే. కాని భార్యాబిడ్డలతో నిలబడడానికి నీడ లేదు, కట్టడానికి చేతిలో రూపాయి లేదు. అదే బీమా 16 లక్షల 20 వేలకు ఉంటే, అప్పు పోగా 7 లక్షల 20 వేలు ఇంటి యజమానికి మిగిలేవి. మొదటి పాలసీ కాపాడింది బ్యాంకు సొమ్మును. రెండవది కుటుంబాన్ని కూడా కాపాడింది.

పూర్వపు పాలసీల్లో మరో చిక్కు ఉండేది. 16 లక్షల ఇంటికి 8 లక్షలకే బీమా చేసి, 4 లక్షల నష్టం జరిగితే, సగానికే బీమా ఉంది కాబట్టి 2 లక్షలే ఇచ్చేవారు. భారత్ గృహ రక్షలో ఈ కోత తొలగించారు. నష్టం బీమా మొత్తం లోపల ఉంటే ఆ మేరకు చెల్లించాలి. అలాగే ఏళ్ల తరబడి తీసుకున్న పాలసీలో భవనం బీమా మొత్తం ఏటా 10 శాతం చొప్పున, అదనపు ప్రీమియం లేకుండా పెరుగుతుంది. ఇతర పాలసీలు తీసుకునేవారు ఈ రెండు అంశాలు ఉన్నాయో లేదో తప్పక చూసుకోవాలి.

ప్రీమియం ఎలా కడుతున్నామన్నది కూడా చూడాలి. కొన్నిసార్లు ప్రీమియాన్ని నగదుగా తీసుకోకుండా అప్పులోనే కలిపేస్తారు. "ఇప్పుడు మీరేమీ కట్టనక్కరలేదు" అన్న మాట వినడానికి బాగానే ఉంటుంది. పదేళ్ల పాలసీకి 12 వేల రూపాయల ప్రీమియాన్ని 9 శాతం వడ్డీతో 20 ఏళ్ల అప్పులో కలిపితే, అప్పు తీరేసరికి ఆ 12 వేలకు దాదాపు 25,900 రూపాయలు కట్టినట్టవుతుంది. పాలసీ పదేళ్లకే ముగుస్తుంది, దాని తాలూకు వాయిదాలు మరో పదేళ్లు నడుస్తాయి. ఇందులో నష్టం ఒకటే కాదు, వడ్డీ పాపభారం కూడా పెరుగుతోంది. ప్రీమియాన్ని చేతి నుంచి కట్టి రసీదు తీసుకోవడం ఇహానికీ పరానికీ మేలు.

ఎవరి చేతికి?

అప్పు ఉన్న ఇంటి పాలసీలో బ్యాంకు పేరు కూడా రాసి ఉంటుంది. నష్టపరిహారం మొదట బ్యాంకుకే అందేలా ఆ షరతు ఉంటుంది. కాబట్టి పాలసీ అసలు ప్రతి బ్యాంకు దగ్గర ఉన్నా, నకలు మన దగ్గర ఉండి తీరాలి. ఇల్లు ముంపు ప్రాంతంలో ఉంటే ఆ నకలును వేరే ఊరిలోని బంధువుల దగ్గర కూడా ఉంచాలి. ఫోనులో ఫొటో తీసి పెట్టుకోవడం ఇంకా సులువు.

మన బందరు బ్యాంకుల చరిత్రలో పేరున్న ఊరు. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించింది ఇక్కడే. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైంది. ఇలా విలీనమైన బ్యాంకుల పాత ఖాతాదారులు తమ పాలసీలో బ్యాంకు పేరు, అప్పు ఖాతా సంఖ్య సరిగా ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోవాలి. అప్పు పూర్తిగా తీరిన రోజున పాలసీ నుంచి బ్యాంకు పేరు తీయించుకోవడం కూడా మరువరాదు.

ధర్మం ఏమంటుంది?

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. బీమా తీసుకోవడం అల్లాహ్‌పై నమ్మకానికి విరుద్ధమా? కాదు. ఒంటెను కట్టి ఆపైన అల్లాహ్‌పై భారం వేయమన్నది మహాప్రవక్త (స) బోధ. యూసుఫ్ అలైహిస్సలాం రానున్న కరువు కోసం ముందుగానే ధాన్యం నిల్వ చేయించారు. ముందుజాగ్రత్త నమ్మకానికి శత్రువు కాదు.

అభ్యంతరం జాగ్రత్త మీద లేదు, ఒప్పందం తీరు మీద ఉంది. మామూలు బీమాలో ధర్మపండితులు మూడు లోపాలను చూపుతారు. మొదటిది 'ఘరర్', అంటే ఇచ్చేదెంతో వచ్చేదెంతో తెలియని అనిశ్చితి. రెండవది 'మైసిర్', జూదపు లక్షణం. మూడవది 'రిబా', ప్రీమియం సొమ్మును వడ్డీ వ్యాపారాల్లో పెట్టడం. 1985 డిసెంబరులో జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ స్థిర ప్రీమియంతో కూడిన వాణిజ్య బీమా నిషిద్ధమని తీర్మానించి, పరస్పర సహకార బీమాను ప్రత్యామ్నాయంగా సూచించింది. ముస్తఫా అజ్జర్ఖా వంటి కొందరు పండితులు మాత్రం బీమా మూలసూత్రం ధర్మసమ్మతమేనని వాదించారు. మన దేశంలో ప్రాణానికి, ఆస్తికి అల్లర్ల ముప్పు ఉన్న స్థితిని దృష్టిలో పెట్టుకొని, భారత ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 1990ల ఆరంభంలో అవసరం మేరకు వెసులుబాటు ఇచ్చింది.

అంటే ఇది పండితుల మధ్య అభిప్రాయభేదం ఉన్న విషయం. ఈ స్థితిలో మనం చేయదగినదేమిటి? చట్టం వల్లగాని, అప్పు షరతు వల్లగాని బీమా తప్పనిసరి అయినవారి పరిస్థితి వేరు, ఇష్టపూర్వకంగా తీసుకునేవారి పరిస్థితి వేరు. తప్పనిసరి బీమాలో నష్టపరిహారం వస్తే తాను కట్టిన ప్రీమియం మేరకే వాడుకొని మిగిలింది పేదలకు ఇవ్వాలని కొందరు ముఫ్తీలు అంటారు. ఇల్లు కోల్పోయి తానే నిరుపేదగా మారినవాని విషయం వేరుగా చూడాలి. కనుక ఎవరికి వారు తమ పరిస్థితిని, కాగితాన్ని వెంట తీసుకెళ్లి విశ్వసనీయుడైన ఆలింను అడగాలి. కాగితం చూపకుండా అడిగే ప్రశ్నకు సరైన ఫత్వా ఎలా వస్తుంది?

ఒక్క విషయంలో మాత్రం ఏ పండితునికీ భేదం లేదు. ఒప్పందంలో ఉన్నదేమిటో తెలుసుకోవడం విధి. బఖరా సూరాలో అప్పును రాసిపెట్టుకోవడం గురించి వచ్చిన వాక్యం దివ్యఖుర్‌ఆన్‌లోనే అన్నిటికంటే పొడవైనదని మనం ఎరుగుదుం. పైన పొడిగా, లోపల తడిగా ఉన్న ధాన్యం కుప్పను చూసి మహాప్రవక్త (స) వ్యాపారిని మందలించిన సంఘటన కూడా తెలిసిందే. కుప్ప లోపలి తడిని దాచడం అమ్మేవాని తప్పు. చేయి పెట్టి చూడడం కొనేవాని బాధ్యత.

మహల్లా నిధి సరిపోతుందా?

యుద్ధయాత్రలో ఆహారం తరిగిపోయినప్పుడు అష్అరీ తెగవారు ఉన్నదంతా ఒకే గుడ్డలో పోసి సమంగా పంచుకునేవారు. మహాప్రవక్త (స) వారిని మెచ్చుకున్నారు. ఈ స్ఫూర్తితో ఏర్పడినదే తకాఫుల్. 1979లో సూడాన్‌లో ఇలాంటి సంస్థ మొదలైంది. 1984లో మలేసియా దీనికోసం చట్టమే చేసింది. మన బ్యాంకు కౌంటర్లలో దొరికే బీమా మాత్రం తకాఫుల్ కాదు.

మస్జిదు ఆధ్వర్యంలో చిన్న నిధి పెట్టుకోవచ్చు కదా అని యువకులు అడుగుతుంటారు. తప్పక పెట్టుకోవాలి. ఒక ఇల్లు కాలితే, ఒక కప్పు ఎగిరిపోతే నలభై ఇళ్లవారు కలిసి నిలబెట్టగలరు. కాని 1977 వంటి ఉప్పెనలో ఆ నలభై ఇళ్లూ ఒకేసారి పోతాయి. అప్పుడు ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒకే నీటిలో ఉంటారు. అందువల్ల అలాంటి నిధిలో బందరు వారితోపాటు కర్నూలు, కడప, హైదరాబాదు వారు కూడా భాగస్వాములు కావాలి. ఒకే గట్టు కింద ఉన్నవారు మాత్రమే చేరిన నిధి ఆ గట్టు తెగిన రోజున ఆదుకోలేదు. సహకారం ఎంత విశాలమైతే రక్షణ అంత దృఢమవుతుంది.

సంతకానికి ముందు ఏడు ప్రశ్నలు

1. ఈ పాలసీ నా ప్రాణానికా, నా ఇంటి కట్టడానికా?
2. తుఫాను, వరద, ముంపు అన్న మాటలు ఇందులో ఉన్నాయా?
3. బీమా మొత్తం తిరిగి కట్టే ఖర్చుకు సమానంగా ఉందా, అప్పు నిల్వకే ఉందా?
4. తక్కువ మొత్తానికి బీమా చేశారన్న కారణంతో పరిహారంలో కోత పెడతారా?
5. ప్రీమియం ఎంత? దాన్ని అప్పులో కలుపుతున్నారా?
6. నష్టం జరిగితే ఏ నంబరుకు, ఏ కార్యాలయానికి తెలియజేయాలి?
7. అప్పు ముందే తీరితే పాలసీ కొనసాగుతుందా? రద్దు చేసుకుంటే ఎంత తిరిగి వస్తుంది?

నష్టం జరిగిన వెంటనే కంపెనీకి తెలపాలి. బురద కడగక ముందే గోడల మీద నీటి గుర్తులతో సహా ఫొటోలు తీయాలి. సర్వేయరు వచ్చేవరకు పాడైన సామాన్లను పారవేయరాదు. నష్టాన్ని ఉన్నది ఉన్నట్టే చెప్పాలి. లేని సామాను పట్టికలో చేర్చడం అబద్ధ సాక్ష్యమే, ఎదుటివాడు పెద్ద కంపెనీ అయినంత మాత్రాన అది ధర్మసమ్మతం కాబోదు. న్యాయమైన పరిహారం నిరాకరిస్తే ముందుగా కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. అక్కడ న్యాయం దొరక్కపోతే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. దానికి రుసుము లేదు.

ప్రియ సోదర సోదరీమణులారా! చౌకగా దొరికిన పాలసీని మంచి పాలసీ అనుకోకండి. ఉప్పెన నీరు తీసిన మరునాడు మన కుటుంబం చేతిలో ఏం మిగులుతుందన్నదే దాని విలువ. ఈ వారమే మీ ఇంటి కాగితాలు తీసి చదవండి. చదవడం రానివారికి చదివి వినిపించండి, అది కూడా పుణ్యకార్యమే.

అల్లాహ్ మన ఇళ్లను ప్రశాంతతకు నిలయాలుగా ఉంచుగాక! మన లావాదేవీలన్నిటినీ స్వచ్ఛమైనవిగా చేసుకునే సద్బుద్ధిని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.